కప్పు వాళ్లది... అప్పు వీళ్లది!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఫుట్‌బాల్ ప్రపంచకప్ జరిపించే దేశం ఆ రెండూ ఒకేసారి చేయాలి. స్టేడియాలు కట్టాలి, వచ్చినవాళ్లందరికీ మర్యాదలు చేయాలి. ఇంతా చేస్తే చదివింపులు వెళ్లేది మాత్రం వేరేవాళ్ల పెట్టెలోకి! అయినా సరే, ఆ అవకాశం మాకంటే మాకని దేశాలు పోటీలు పడతాయి. ఒక్కోసారి... ఓటున్న పెద్దల చేతులు తడిపి మరీ!

* * *

జూన్, జులై నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటిపోతుంది. దేశం మొత్తం కలిపినా విస్తీర్ణంలో మన పాత కరీంనగర్ జిల్లా అంత. సొంత జట్టు అప్పటిదాకా ఒక్కసారి కూడా ప్రపంచకప్‌కు అర్హత సాధించలేదు. కావాల్సినన్ని స్టేడియాలూ లేవు. అలాంటి ఖతార్... 2010 డిసెంబరు 2న స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో అమెరికా, ఆస్ట్రేలియా, జపాన్, దక్షిణ కొరియాలను చిత్తుగా ఓడించేసింది. మైదానంలో కాదు, ఓటింగులో!

2022 ప్రపంచకప్ ఎవరికివ్వాలో తేల్చే ఓటింగు అది. చివరి రౌండులో ఖతార్‌కు 14 ఓట్లు, అమెరికాకు 8. అమెరికా తరఫున మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటనే వచ్చి కూర్చున్నా ఫలితం లేకపోయింది. ప్రభుత్వ ఖజానా నుంచి దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు ప్రచారానికి ఖర్చుపెట్టిన ఆస్ట్రేలియాకు దక్కింది ఒకే ఒక్క ఓటు! అదేరోజు 2018 టోర్నీ కోసం ప్రధాని డేవిడ్ కామెరాన్‌నీ, యువరాజు విలియంనీ, బెక్‌హామ్‌నీ వెంటబెట్టుకొచ్చిన ఇంగ్లాండ్ రెండంటే రెండు ఓట్లతో మొదటి రౌండులోనే ఇంటిదారి పట్టింది. ఆ కప్పును రష్యా ఎగరేసుకుపోయింది.

ఖతార్ వేసవి వేడి ఆటగాళ్ల ఆరోగ్యానికి ముప్పు కావచ్చని ఓటింగుకు ముందే ఫిఫా సొంత పరిశీలక బృందం నివేదిక ఇచ్చింది. ఓటేసినవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. చివరికి 2015లో ఫిఫాయే టోర్నీని నవంబరు-డిసెంబరుకు మార్చుకుంది. ఎండాకాలంలో ఆడలేమని తెలిసిన చోట ఎండాకాలం ఆటకు ఎలా ఓటేశారు? అక్కడే అందరికీ అనుమానం మొదలైంది.

ఓటర్లు 24... ఇద్దరు ముందే అవుట్!

పంచాయతీ వార్డు ఎన్నికకైనా వందల మంది ఓటర్లుంటారు. వేల కోట్ల ప్రపంచకప్‌ను ఎవరికివ్వాలో 2010 వరకూ తేల్చింది ఫిఫా కార్యవర్గంలోని 24 మంది మాత్రమే. ఓటు రహస్యం. ఎవరికి వేశారో, ఎందుకు వేశారో చెప్పాల్సిన పనిలేదు. 13 మందిని మంచి చేసుకుంటే చాలు... కప్పు చేతికొచ్చినట్లే. అవినీతికి ఇంతకన్నా అనువైన పొలం ఏముంటుంది?

ఓటింగుకు నెలన్నర ముందే అందుకు సాక్ష్యం దొరికింది. లండన్ పత్రిక 'సండే టైమ్స్' విలేకరులు అమెరికా తరఫు దళారుల్లా వేషం కట్టి ఇద్దరు సభ్యులను కలిశారు. నైజీరియాకు చెందిన అమోస్ అడాము మైదానాలు కట్టించడానికంటూ 8 లక్షల డాలర్లు అడిగారు. ఆ సొమ్ము నేరుగా తన చేతికే ఇవ్వాలన్నారు. తహితీకి చెందిన రెనాల్డ్ తెమారీ ఫుట్‌బాల్ అకాడమీకి డబ్బు కావాలన్నారు. ఇద్దరినీ ఫిఫా సస్పెండ్ చేసింది. అలా ఓటేసినవాళ్లు 22 మందే మిగిలారు. ఆ 22 మందిలో సగానికి పైగా తర్వాతి కాలంలో ఏదో ఒక దర్యాప్తునో, నిషేధాన్నో, కేసునో ఎదుర్కొన్నారు!

ఇదేం కొత్త జబ్బు కాదు. ప్రపంచకప్ ప్రసార, ప్రకటనల హక్కులు అమ్మిపెట్టే ఐఎస్ఎల్ అనే కంపెనీ 2001లో దివాలా తీసింది. లెక్కలు తవ్వితే లంచాల పద్దులు బయటపడ్డాయి. 1974 నుంచి 1998 వరకూ ఫిఫాను ఏలిన జోవా హావెలాంజ్‌కూ, ఆయన మాజీ అల్లుడు, బ్రెజిల్ ఫుట్‌బాల్ సమాఖ్య అధిపతి రికార్డో టీషేరాకూ కలిపి కనీసం 4.1 కోట్ల స్విస్ ఫ్రాంకులు ముట్టాయని 2012లో వెల్లడైన పత్రాలు చెప్పాయి. విచిత్రం ఏమిటంటే, ఆ రోజుల్లో స్విస్ చట్టం ప్రకారం అలాంటి సొమ్ము పుచ్చుకోవడం నేరమే కాదు. 2010లో ఓటేసిన 22 మందిలో ఆ టీషేరా కూడా ఒకరు!

పందిరి ఒకరిది... చదివింపులు ఇంకొకరివి

ఇంతకీ ఈ కప్పులో అంత లాభం ఏముంది? ఎవరికి ఉంది?

1930లో మొదటి ప్రపంచకప్ జరిపిన ఉరుగ్వే, వచ్చిన జట్ల ప్రయాణ ఖర్చులు కూడా తనే భరించింది. ఆతిథ్యమంటే ఖర్చేనన్న సంగతి మొదటిరోజు నుంచీ తెలిసిందే. కానీ టీవీ వచ్చాక ఆదాయమూ కొండంత పెరిగింది. అందులో సింహభాగం ఫిఫాదే. ప్రసార హక్కులు ఫిఫావి. స్పాన్సర్ల సొమ్ము ఫిఫాది. టికెట్లు, కప్పు బొమ్మ ముద్రించిన వస్తువుల మీద హక్కులూ ఫిఫావే. స్టేడియాలు, రోడ్లు, విమానాశ్రయాలు, పోలీసు బందోబస్తు... ఇవన్నీ ఆతిథ్య దేశం నెత్తిన. పైగా ఫిఫాకూ దాని అనుబంధ సంస్థలకూ పన్ను మినహాయింపులు ఇస్తామని ప్రభుత్వం ముందే హామీ పత్రం రాసివ్వాలి.

ఫిఫా లెక్కలు నాలుగేళ్లకోసారి కడతారు. దక్షిణాఫ్రికా కప్పుతో ముగిసిన 2007-10 మధ్య ఆదాయం సుమారు 419 కోట్ల డాలర్లు. బ్రెజిల్ కప్పుతో ముగిసిన నాలుగేళ్లలో 572 కోట్లు. ఖతార్ కప్పుతో ముగిసిన 2019-22లో 757 కోట్లు. కప్పు ఏ దేశంలో జరిగినా ఆ గీత పైకే! అందులో ఎక్కువ భాగాన్ని సభ్య దేశాల్లో ఆట అభివృద్ధికే ఇస్తున్నామని ఫిఫా చెబుతుంది. నిజమే, గ్రాంట్లు వెళ్తాయి. అయితే ఆ గ్రాంట్లు అందుకునే సంఘాలే అధ్యక్షుడి ఎన్నికలో ఓటర్లు కూడా. 

మరి ఆతిథ్య దేశానికి మిగిలేదేమిటి? టోర్నీ అయ్యాక దక్షిణాఫ్రికాకూ, బ్రెజిల్‌కూ ఫిఫా చెరో 10 కోట్ల డాలర్ల నిధి ఇచ్చింది. బ్రెజిల్‌కైన ఖర్చు 1,100 కోట్ల డాలర్లకు పైనే!

ఫిఫా మాట ఎంతగా చెల్లుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. అభిమానుల గొడవలు తగ్గించడానికి బ్రెజిల్ 2003లో స్టేడియాల్లో బీరు అమ్మకాన్ని నిషేధించింది. బీరు కంపెనీ ఫిఫాకు స్పాన్సర్. అందుకని 2012లో ఆ దేశం తన చట్టాన్నే సడలించుకోవాల్సి వచ్చింది.

తెల్ల ఏనుగుల మంద

అమెజాన్ అడవుల నడుమ ఉన్న మనౌస్ నగరంలో బ్రెజిల్ 44 వేల సీట్ల స్టేడియం కట్టింది. ఖర్చు సుమారు 30 కోట్ల డాలర్లు. అక్కడ జరిగిన ప్రపంచకప్ మ్యాచ్‌లు... నాలుగు! ఆ ఊళ్లో పెద్ద లీగు జట్టు లేదు. టోర్నీ తర్వాత ఆ స్టేడియాన్ని ఏం చేయాలో తోచక, ఖైదీలను తాత్కాలికంగా ఉంచడానికి వాడుకుందామని ఓ న్యాయాధికారి సూచించారంటే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. రాజధాని బ్రసీలియాలో కట్టిన స్టేడియం ఇంకా ఖరీదైంది. ఏడాది తిరక్కుండానే దాని పార్కింగ్ స్థలం సిటీ బస్సులు నిలుపుకొనే డిపో అయింది. ఆ నిర్మాణంలో అక్రమాల కేసులో 2017లో ఇద్దరు మాజీ గవర్నర్లను పోలీసులు అరెస్టు చేశారు.

స్టేడియాలకు పెట్టుబడి ప్రైవేటు సంస్థలే పెడతాయని 2007లో నిర్వాహకులు చెప్పారు. ఆచరణలో ఎక్కువ భాగం ప్రజల సొమ్మే కరిగిపోయింది. 2013 జూన్‌లో బస్సు ఛార్జీల పెంపు మీద మొదలైన నిరసన చూస్తుండగానే కప్పు మీదికి మళ్లింది. లక్షల మంది వీధుల్లోకి వచ్చారు. 'మాకు ఫిఫా ప్రమాణాల ఆస్పత్రులు కావాలి, ఫిఫా ప్రమాణాల బడులు కావాలి' అన్నది వాళ్ల డిమాండు. ఫుట్‌బాల్‌ను ప్రాణంగా చూసుకునే దేశంలో ఫుట్‌బాల్ పండగకు వ్యతిరేకంగా ఊరేగింపులు!

దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌దీ అలాంటి కథే. పేదలు ఎక్కువగా ఉండే ఆథ్లోన్ ప్రాంతంలోని పాత స్టేడియాన్ని బాగుచేస్తే చాలని మొదట్లో అనుకున్నారు. ఫిఫా చూపు మాత్రం సముద్రమూ, టేబుల్ మౌంటెన్ కొండా కనిపించే గ్రీన్ పాయింట్ మీద పడింది. అక్కడ దాదాపు 440 కోట్ల రాండ్లతో కొత్త స్టేడియం లేచింది. ఆట అయిపోయాక దాని నిర్వహణ ఖర్చు ఏటా నగరపాలక సంస్థ మెడకు చుట్టుకుంది.

చేపల చెరువు వేలంపాట

లెక్కలు తెలిసిన ప్రభుత్వాలు ఇలా ఎందుకు బోల్తాపడతాయి? ఆర్థికవేత్తలు చెప్పే జవాబు మన ఊళ్లలో చేపల చెరువు వేలంపాట చూసినవాళ్లకు తేలిగ్గానే అర్థమవుతుంది. చెరువులో ఎన్ని చేపలున్నాయో ఎవరికీ కచ్చితంగా తెలియదు. పాడేవాళ్లంతా తలో అంచనా వేసుకుంటారు. అందరికన్నా ఎక్కువ ఊహించుకున్నవాడే అందరికన్నా ఎక్కువ పాడతాడు. చెరువు అతడికే దక్కుతుంది. వల వేశాక తెలుస్తుంది... అతడి ఊహే అన్నిటికన్నా పెద్ద తప్పని! దీనికే 'విజేత శాపం' అని పేరు.

ప్రపంచకప్ వేలంలో ఇంకో తిరకాసు ఉంది. పాట పాడేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు. కప్పు తెస్తే రాజకీయ నాయకుడికి పేరు. కాంట్రాక్టరుకు పని. హోటళ్లకు బేరం. బిల్లు మాత్రం పన్ను కట్టే కోట్లమందికి సమానంగా పంచుతారు. లాభం కొద్దిమందికి పెద్ద మొత్తంలో, నష్టం అందరికీ కొద్దికొద్దిగా... అందుకే గట్టిగా అరిచేవాళ్లు ఒకవైపే ఉంటారు.

ఇక 'పర్యాటకులు పోటెత్తుతారు' అన్న మాట. 2010లో దక్షిణాఫ్రికాకు నాలుగు లక్షలకు పైగా విదేశీయులు వస్తారనుకున్నారు. వచ్చింది మూడు లక్షల పైచిలుకు. కప్పు రోజుల్లో రద్దీకి, ధరలకు భయపడి మామూలు పర్యాటకులు రావడం మానేస్తారు. కొత్తవాళ్లు వచ్చిన లెక్క చెబుతారు గానీ, పాతవాళ్లు రాని లెక్క ఎవరూ చెప్పరు. 1994 కప్పుతో అమెరికాకు 400 కోట్ల డాలర్ల లాభమని ముందు ఊదరగొట్టారు. ఆర్థికవేత్తలు రాబర్ట్ బాడే, విక్టర్ మాథెసన్ తర్వాత లెక్కగడితే ఆతిథ్య నగరాలకు 550 నుంచి 930 కోట్ల డాలర్ల దాకా నష్టమని తేలింది.

అలాగని కప్పు పూర్తిగా దండగేనా? కాదు. 2006లో జర్మనీకి అది నెల్లాళ్ల పండగ. స్టేడియాలు చాలావరకూ ముందే ఉన్నాయి, టోర్నీ తర్వాత వాటిని నింపే జట్లూ ఉన్నాయి. జనం ఆనందించారు. ఇంట్లో పండగ చేసుకున్నట్లు... సంతోషం కోసం ఖర్చుపెట్టామంటే ఎవరూ కాదనరు. పండగతో లాభాలొస్తాయని చెప్పి అప్పు చేయడంతోనే చిక్కు.

దుప్పట్ల చాటున...

2015 మే 27. తెల్లవారుజామున జ్యూరిచ్‌లోని ఖరీదైన బౌర్ ఓ లాక్ హోటల్లోకి స్విస్ పోలీసులు వెళ్లారు. గదుల్లో నిద్రపోతున్న ఏడుగురు ఫుట్‌బాల్ పెద్దలను అరెస్టు చేశారు. ఫొటోలు తీయకుండా హోటల్ సిబ్బంది తెల్ల దుప్పట్లు అడ్డుపట్టి వాళ్లను కార్లలోకి ఎక్కించారు. వారిలో 2014 బ్రెజిల్ కప్పు నిర్వాహక కమిటీకి నాయకత్వం వహించిన జోసె మరియా మరీన్ కూడా ఉన్నారు. మొత్తం 14 మంది మీద అమెరికా మోపిన అభియోగం... 24 ఏళ్లలో 15 కోట్ల డాలర్లకు పైగా లంచాలు!

స్విట్జర్లాండ్‌లో ఉన్నవాళ్ల మీద అమెరికా కేసేమిటి? లంచం డాలర్లలో నడిచింది. అమెరికా బ్యాంకుల గుండా నడిచింది. అదే పట్టుకుంది అక్కడి న్యాయశాఖ. తీగ లాగింది మాత్రం చక్ బ్లేజర్ అనే అమెరికన్ సభ్యుడి నుంచి. ట్రంప్ టవర్‌లో ఆయన పిల్లుల కోసమే ప్రత్యేకంగా ఓ ఫ్లాట్ ఉండేదని పత్రికలు రాశాయి. ఏళ్ల తరబడి పన్ను రిటర్నులు వేయకపోవడంతో దొరికిపోయారు. దర్యాప్తు సంస్థకు సాయపడటానికి ఒప్పుకుని, 2012 లండన్ ఒలింపిక్స్ సమయంలో రహస్య మైకుతో తోటి పెద్దల మాటలు రికార్డు చేశారు. 1998, 2010 కప్పుల ఆతిథ్య ఎంపికలో తాను, మరికొందరు లంచాలకు ఒప్పుకున్నామని 2013లో కోర్టులో అంగీకరించారు.

2010 కప్పు విషయంలో కోటి డాలర్లు ఫిఫా ద్వారానే కరీబియన్ నేత జాక్ వార్నర్‌కు చేరాయన్నది అమెరికా ఆరోపణ. అది లంచం కాదు, కరీబియన్ దీవుల్లోని ఆఫ్రికా సంతతి వారి కోసం ఇచ్చిన ఫుట్‌బాల్ నిధి అన్నది దక్షిణాఫ్రికా వాదన. వార్నర్ ఆరోపణలను ఖండిస్తూ వచ్చారు. ఖతార్‌కు ఓటేసినందుకు టీషేరా తదితరులకు లంచాలు అందాయని 2020లో అమెరికా ప్రాసిక్యూటర్లు అభియోగపత్రంలో రాశారు. ఖతార్ దాన్ని గట్టిగా తోసిపుచ్చింది. అంతకుముందు ఫిఫా నియమించిన న్యాయవాది మైఖేల్ గార్సియా 400 పేజీలకు పైగా నివేదిక ఇస్తే, 2014లో ఫిఫా 42 పేజీల సారాంశం మాత్రమే బయటపెట్టింది. అది తన నివేదికను వక్రీకరించిందంటూ ఆయన రాజీనామా చేశారు. 2017లో పూర్తి పాఠం వెలుగులోకి వచ్చింది. అనుమానాస్పద వ్యవహారాలు బోలెడు కనిపించాయి గానీ, ఖతార్ ఓట్లు కొనిందనడానికి తిరుగులేని రుజువు అందులో లేదు. రష్యా బిడ్ బృందం వాడిన అద్దె కంప్యూటర్లయితే తిరిగిచ్చాక ధ్వంసమైపోయాయట!

బ్లాటర్ పదవి పోయింది. ఐరోపా ఫుట్‌బాల్ అధినేత మిషెల్ ప్లాటినీకి 2011లో చెల్లించిన 20 లక్షల ఫ్రాంకుల విషయంలో ఇద్దరి మీదా నిషేధం పడింది. అయితే ఆ కేసులో స్విస్ కోర్టులు 2022లో ఒకసారి, 2025లో మరోసారి ఇద్దరినీ నిర్దోషులుగా తేల్చాయి.

కరీంనగర్ నుంచి దోహా దాకా

ఖతార్ కట్టిన ఎనిమిది స్టేడియాల్లో ఏడు కొత్తవి. మెట్రో, రోడ్లు, ఏకంగా ఓ కొత్త నగరం... అన్నీ కలిపి 20 వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చయిందని అంచనా. ఆ ఇసుకలో ఇనుము మోసింది, కాంక్రీటు పోసింది ఎక్కువగా దక్షిణాసియా కూలీలు. అందులో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి అప్పుచేసి ఏజెంట్లకు కట్టి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

కప్పు దక్కిన పదేళ్లలో భారత్, పాకిస్థాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకలకు చెందిన 6,500 మందికి పైగా వలస కార్మికులు ఖతార్‌లో చనిపోయారని 2021లో బ్రిటన్ పత్రిక 'గార్డియన్' లెక్క తీసింది. అందులో భారతీయులు 2,711 మంది. ఇది అన్నిరకాల పనులు, అన్నిరకాల కారణాలు కలిపిన లెక్క. అంత పెద్ద జనాభాలో అవి మామూలు మరణాలేనని ఖతార్ అంది. స్టేడియాల పనుల్లో ప్రమాదాలకు బలైంది ముగ్గురేనని చెప్పింది. 2022 నవంబరులో నిర్వాహక కమిటీ పెద్ద హసన్ అల్ థవాదీ ఓ ఇంటర్వ్యూలో 400 నుంచి 500 మంది దాకా అనడంతో మళ్లీ దుమారం. చాలా మరణాలకు 'సహజ కారణాలు' అని రాసేయడంతో, పరిహారం అడగడానికి ఆ కుటుంబాల చేతిలో కాగితమే లేకుండా పోయింది.

అంతర్జాతీయ ఒత్తిడి ఫలితంగా కొంత మేలూ జరిగింది. యజమాని అనుమతి లేనిదే ఉద్యోగం మారకూడదన్న నిబంధనను ఖతార్ 2020లో ఎత్తేసింది. 2021లో నెలకు వెయ్యి రియాళ్ల కనీస వేతనం తెచ్చింది. కానీ టోర్నీ బహుమతుల మొత్తమైన 44 కోట్ల డాలర్లకు సమానంగా కార్మికుల పరిహారానికి కేటాయించాలని హక్కుల సంఘాలు 2022లో అడిగితే ఫిఫా ఒప్పుకోలేదు. 2024లో 5 కోట్ల డాలర్ల నిధి ప్రకటించింది. అది వెళ్లింది ప్రపంచ ఆరోగ్య సంస్థ లాంటి సంస్థల కార్యక్రమాలకు!

'మాకొద్దు' అన్న దేశం

కప్పును కాదన్నవాళ్లూ ఉన్నారు. 1986 ఆతిథ్యం కొలంబియాకు దక్కింది. ఫిఫా కోరికల చిట్టా పెరుగుతూ పోయింది. 1982లో అధ్యక్షుడు బెలిసారియో బెటాన్‌కుర్ టీవీలో కొద్ది నిమిషాలు మాట్లాడారు. దేశంలో చేయాల్సిన పనులు చాలా ఉన్నాయనీ, ఫిఫా విలాసాలకు తీరిక లేదనీ తేల్చేశారు. కప్పు మెక్సికోకు వెళ్లిపోయింది. 2018లో అమెరికా నగరం షికాగో కూడా, పన్ను చెల్లింపుదారుల మీద ఎంత భారం పడుతుందో ఫిఫా తేల్చి చెప్పడం లేదంటూ 2026 ఆతిథ్య నగరాల జాబితా నుంచి తప్పుకుంది.

కుంభకోణం తర్వాత ఓటింగు పద్ధతి మారింది. 24 మంది స్థానంలో సభ్య దేశాలన్నీ బాహాటంగా ఓటేసే ఏర్పాటు వచ్చింది. 2018లో అలాగే అమెరికా, కెనడా, మెక్సికోల ఉమ్మడి బిడ్ 134 ఓట్లతో 65 ఓట్ల మొరాకోను ఓడించి 2026 కప్పును గెలిచింది. బాగుందనుకునేలోపే... 2034 కప్పుకు ఆసక్తి తెలపడానికి 2023 అక్టోబరులో ఇచ్చిన గడువు నెల కూడా లేదు. ఆస్ట్రేలియా వెనక్కి తగ్గింది. మిగిలింది సౌదీ అరేబియా ఒక్కటే. 2024 డిసెంబరు 11న సభ్యులు చప్పట్లతో ఆమోదించేశారు. పోటీయే లేకపోతే లంచం అవసరమూ లేదు, ప్రశ్నించే అవకాశమూ లేదు! సౌదీ ప్రతిపాదించిన 15 స్టేడియాల్లో 11 కొత్తవి. వాటిని కట్టడానికి విమానం ఎక్కేవాళ్లలో మన ఊళ్లవాళ్లు ఉండరని ఎవరు చెప్పగలరు?

ఈ లెక్కలు మనకూ అవసరమే. 2010 దిల్లీ కామన్వెల్త్ క్రీడల అక్రమాలు జనం మరచిపోలేదు. 2036 ఒలింపిక్స్‌ కావాలంటూ మన దేశం 2024 అక్టోబరులో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి లేఖ ఇచ్చింది. తప్పులేదు, పండగ ఎవరికి చేదు? కాకపోతే పెళ్లికి ముందే ఖర్చుల చీటీ రాసుకోవడం ఏ ఇంట్లోనైనా ఉన్న అలవాటే. పందిరి ఎవరు వేస్తున్నారు, చదివింపులు ఎవరు రాసుకుంటున్నారు, అతిథులు వెళ్లిపోయాక ఆ పందిరితో ఏం చేస్తారు, దాన్ని వేస్తూ కింద పడ్డవాడి ఇంటికి ఎవరు వెళ్తారు... ఈ నాలుగింటికీ జవాబు చెప్పాకే ఏ దేశమైనా వేలంపాటలో చెయ్యెత్తాలి.